ఇటలీ టేపుతో హెర్న్‌డన్‌కి

మా ప్రయాణానికి కారణం ఒక వీడియో టేపు. అది ఇటలీ నుంచి మిషిగన్‌లోని ట్రాయ్‌కి, మా పక్కింటి డోరతీ గారికి వచ్చింది. ఆవిడ దాన్ని తన వీసీఆర్‌లో పెట్టేసరికి తెర నిండా నల్లచారలు పరుగెత్తాయట. బొమ్మ లేదు, గుర్రుమని చప్పుడు తప్ప మాట లేదు. దారిలో పాడైపోయిందనుకుని, టేపును రెండు చేతులా పట్టుకుని మా తలుపు తట్టింది.

నేను చూసి, "పాడవలేదండీ. గుంటూరు నుంచి మా తమ్ముడి పెళ్ళి టేపు వచ్చినప్పుడూ ఇదే గోల" అన్నాను. ఇండియాలోనూ ఇటలీలోనూ టీవీ పద్ధతి ఒకటి, అమెరికాలో ఇంకొకటి. అక్కడి టేపు ఇక్కడి వీసీఆర్‌లో ఆడదు. ఎనభైల్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, అందరం ఒకసారి నెత్తి కొట్టుకున్నవాళ్ళమే. రెండు రకాలూ ఆడించే మల్టీసిస్టమ్ వీసీఆర్, దానికి తగ్గ టీవీ నాకు తెలిసినంతలో ఒక్కచోటే ఉన్నాయి. వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో, నా కాలేజీ స్నేహితురాలు సుశీల ఇంట్లో. ఏదో రాయబార కార్యాలయం ఉద్యోగి సొంత దేశానికి వెళ్ళిపోతూ అమ్మేస్తే వాళ్ళాయన డాక్టర్ రావుగారు కొన్నారు. న్యూయార్క్‌లో టేపు మార్చి ఇచ్చే షాపులున్నాయని మావారు చెప్పారు గాని, ఉన్న ఒక్క టేపునీ పోస్టులో వేయడానికి డోరతీ గారు చచ్చినా ఒప్పుకోలేదు.

ఎందుకంత పట్టుదల అంటే, టేపులో ఉన్నది ఆవిడ కొడుకు లియాన్ చివరి ఆట. గుమ్మంలోంచి వంగి రావాల్సినంత పొడుగు మనిషి. ఇక్కడి పెద్ద లీగులో చోటు దొరక్క ఇటలీలో ఒక చిన్న ఊరి బాస్కెట్‌బాల్ క్లబ్బుకి ఆడటానికి వెళ్ళాడు. యూరప్‌లో దేశదేశాల్లో గెలిచిన క్లబ్బులన్నీ కలిసి ఏటా ఒక పెద్ద పోటీ ఆడతాయి. చివరికి ఆరు జట్లు మిగులుతాయి. ప్రతి జట్టూ తక్కిన ఐదింటితో రెండేసిసార్లు ఆడాలి, ఒకసారి సొంత ఊళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో. అందులో పైన నిలిచిన రెండింటికే ఫైనల్. జట్టుకి ఇద్దరే అమెరికన్లు, వాళ్ళ ఆట నచ్చకపోతే క్రిస్మస్ లోపలే టికెట్ చేతిలో పెట్టి పంపేస్తారట. అలాంటి చోట లియాన్ ఆరేళ్ళు నిలిచాడు. ఆ ఏడాది మోకాలు పాడై, ఇక ఆడనని చెప్పేశాడు.

స్కూల్లోనూ కాలేజీలోనూ వాడు ఆడిన ఒక్క ఆట కూడా ఆవిడ వదల్లేదు. ఇటలీలో ఒక్కటీ చూడలేదు. విమానమంటే ఆవిడకి ప్రాణభయం. "గెలిచావో ఓడావో చెప్పకు, నేనే చూస్తాను" అని కొడుకు దగ్గర మాట తీసుకుంది. ఆట ఒక సాకు. పరాయి దేశంలో, భాష రాని ఊళ్ళో, తన బిడ్డ ఎలా బతికాడో ఒక్కసారైనా కళ్ళారా చూడాలని ఆవిడ ఆరాటం.

ఇక నా సంగతి. మా అమ్మాయి పుట్టిన చలికాలంలో మంచు తొక్కుకుంటూ రోజూ వచ్చి బిడ్డకి స్నానం చేయించి, నన్ను నిద్రపొమ్మని కసిరిన మనిషి డోరతీ గారు. అలాంటి మనిషి వచ్చి అడిగితే, హెర్న్‌డన్ కాదు, ఇంకెంత దూరమైనా వెళ్తాను.

ఏప్రిల్ నెల, శుక్రవారం పొద్దున్నే మావారు మమ్మల్ని డెట్రాయిట్ బస్ స్టేషన్‌లో దింపారు. ఆయనకి ఆఫీసు, నాకు హైవే మీద డ్రైవ్ చేయాలంటే గుండె దడ. అందుకని బస్సు. పిట్స్‌బర్గ్‌లో బస్సు మారి, రాత్రి భోజనాల వేళకి వాషింగ్టన్ చేరాలి. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒకటే: తిండి ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. స్టేషన్లలో మిషన్లు డబ్బులు మింగి ఊరుకుంటాయి. నేను పులిహోర కట్టాను, ఆవిడ కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు, కేకు తెచ్చింది. టొలీడో దాటకముందే రెండూ పంచుకున్నాం. పులిహోర వాసనకి ముందు సీట్లో ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారి తిరిగినప్పుడు డోరతీ గారు ఆయనకీ కాస్త పెట్టింది.

ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడట, పిట్స్‌బర్గ్ వెళ్తున్నాడు. ఎక్కడికని అడిగాడు.

"మా అబ్బాయి ఆట చూడటానికి" అంది డోరతీ గారు.

"ఏ టీము?"

"ఇటలీలో."

ఆయన పులిహోర నమలడం ఆపి, "ఇటలీలో కూడా బాస్కెట్‌బాల్ ఉందా?" అన్నాడు. ఆ రోజుల్లో అమెరికాలో ఎవర్ని అడిగినా అదే మాట. పేపర్లో ఒక్క ముక్క వచ్చేది కాదు. ఆరేళ్ళుగా కొడుకు గురించి ఎవరికి చెప్పినా ఇలాగే ముఖం పెడుతుంటే ఆవిడకి ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ మాత్రం విసుక్కోకుండా, పెన్సిల్వేనియా కొండలు వచ్చేదాకా ఆరు జట్ల లెక్క ఆయనకి వివరించింది. టేపున్న హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళోంచి దించలేదు.

వాషింగ్టన్‌లో రావుగారు కారు తెచ్చారు. హెర్న్‌డన్ ఇంటికి చేరి, సుశీల పెట్టిన చారన్నం తిని పడుకున్నాం. "రేపు పదకొండింటికి పెట్టుకుందాం, తీరిగ్గా చూడొచ్చు" అంది సుశీల.

మర్నాడు పదకొండు కాకముందే వాకిట్లో కారు ఆగింది. వెనకాలే ఇంకొకటి. చూస్తుండగానే సందంతా కార్లు. చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు మూతపెట్టిన గిన్నెలతో, పిల్లలు దిండ్లతో, మగవాళ్ళు మడత కుర్చీలతో లోపలికి వచ్చేస్తున్నారు. నేను సుశీలని వంటింట్లోకి లాక్కెళ్ళాను.

"ఏమే, వీళ్ళంతా ఎవరు?"

సుశీల ముఖం తెల్లబోయింది. "డెట్రాయిట్ నుంచి టేపు వస్తోందని ఒక్క విజయకే చెప్పానే. అది పక్కూరు షాంటిలీ దాకా పాకిపోయినట్టుంది. కొత్త సినిమా అనుకుని వచ్చారు."

తప్పు వాళ్ళది కాదు. ఆ ఇంట్లో శనివారం టేపు అంటే తెలుగు సినిమా అని అర్థం. ఊరి నుంచి ఎవరైనా ఒక టేపు తెస్తే అందరూ వండుకుని వచ్చి కలిసి చూడటం అక్కడి ఆనవాయితీ. మామూలు రోజైతే నాకూ సంబరమే. ఆ రోజు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఏకాంతంగా చూసుకోవాల్సిన దాన్ని తిరునాళ్ళ చేశామే అనుకున్నాను.

రావుగారు లేచి నిలబడి, ఉన్న సంగతి చెప్పారు. ఇది సినిమా కాదు, ఈవిడ కొడుకు ఆడిన చివరి ఆట, ఆరేళ్ళలో ఇప్పుడే చూడబోతోంది, మరోలా అనుకోకండి, అన్నారు. చాప మీద కూర్చున్న సుశీల కూతురు, "అయితే సాంగ్స్ ఉండవా డాడీ?" అంది.

ఎవరైనా లేస్తారేమోనని చూశాను. మూర్తిగారని ఒక ఇంజనీరు, అందరికంటే పెద్దాయన, లేచారు. లేచి తన సోఫా సీటు డోరతీ గారికి ఇచ్చి తను కింద కూర్చున్నారు. "ఫ్యామిలీ మేటర్ కదండీ, చూసే వెళ్తాం. నాకు రూల్స్ మాత్రం ఎవరైనా ఎక్స్‌ప్లెయిన్ చేయండి" అన్నారు. ఎవరూ కదల్లేదు. డోరతీ గారు చుట్టూ చూసి, నా చెవిలో, "హనీ, వాడి కాలేజీ ఆటలకి కూడా ఇంతమంది చుట్టాలు రాలేదు" అంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, నేను నా తెలుగులో రాస్తున్నాను.

రావుగారు టేపు పెట్టి, వీసీఆర్ వెనక మీట తిప్పారు. చారలు రెండుసార్లు ఎగిరి, ఆగిపోయి, బొమ్మ నిలబడింది. రంగులతో, ఇటలీ మాటలతో, జనం కేకలతో. డోరతీ గారు ముందుకు వంగి వెతుకుతోంది. నేను చూపించాను. "ఆ గడ్డం ఎవరు పెంచుకోమన్నారు వాణ్ణి?" అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ ఆట గెలిస్తేనే వాళ్ళకి ఫైనల్. యుగోస్లావియా జట్టుతో, లియాన్ వాళ్ళ ఊళ్ళోనే పోటీ. లియాన్ మోకాలికి పట్టీ కట్టుకుని ఆడుతున్నాడు. పది నిమిషాలు గడిచేసరికి రూల్స్ తెలియని మూర్తిగారు, "ఆ రిఫరీకి కళ్ళు కనపడవా?" అంటున్నారు. ఆడవాళ్ళు బంతి వాడి చేతికి వచ్చినప్పుడల్లా "వేసెయ్ నాయనా, వేసెయ్" అంటున్నారు. డోరతీ గారు మాత్రం బంతిని చూడటం లేదు, కొడుకునే చూస్తోంది.

ఆట చివరి నిమిషాల్లో స్కోరు సమానం. లియాన్ ఎగిరి, దిగుతూ, మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. ఆపైన అవతలి జట్టు ఒక బాస్కెట్ వేసింది, వీళ్ళు వేయలేకపోయారు. ఓడిపోయారు. మూర్తిగారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. హాల్లో ఎవరూ డోరతీ గారి వైపు చూడలేదు.

టేపు మాత్రం ఆగలేదు. అక్కడి జనం ఇళ్ళకి వెళ్ళకుండా నిలబడి వాడి పేరు పిలుస్తున్నారు. వాడు బెంచీ మీద తువ్వాలు ముఖాన కప్పుకుని కూర్చున్నాడు. అప్పుడు నల్లకోటు వేసుకున్న ఒక పొట్టి ముసలావిడ మెట్లు దిగి వచ్చింది. పోలీసు చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి తోసేసింది. వాడి ముఖం మీది తువ్వాలు లాగి, దాంతోనే ముఖం తుడిచి, గడ్డం పట్టుకుని ఏదో గట్టిగా చివాట్లు పెట్టింది. అంత పొడుగు మనిషీ చిన్నపిల్లాడిలా తలూపుతున్నాడు. ఆవిడ వాడి తలని గుండెకి ఆనించుకుంది. అక్కడ టేపు అయిపోయింది.

"వెనక్కి తిప్పండి" అంది డోరతీ గారు. రావుగారు ఆట చివరికి తిప్పబోతే, "ఆట కాదు, ఆవిడ వచ్చిన దగ్గరికి" అంది. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చూసింది. చూస్తూ ఏడ్చింది, దాచుకోకుండా. "ఆరేళ్ళు రాత్రిళ్ళు నిద్రలేక, వాడు అక్కడ ఒంటరిగా ఉన్నాడనుకున్నాను" అంది. సుశీల పక్కన కూర్చుని వీపు నిమిరింది. తర్వాత గిన్నెల మూతలు తీశారు. సినిమా కోసం వండిన వంకాయ కూర, గారెలు, చక్రపొంగలి అన్నీ ఆవిడ కంచంలోనే పడ్డాయి. వెళ్ళేటప్పుడు మూర్తిగారు, "యువర్ సన్ ప్లేడ్ వెరీ వెల్, మేడమ్" అని చేతులు జోడించారు. సినిమా చూడలేదని ఒక్కరూ నొచ్చుకోలేదు. ఆ ఇంటికి, ఆ మనుషులకి నేను రుణపడ్డాను.

ఆదివారం పొద్దున తిరుగు బస్సు. సుశీల కట్టిచ్చిన గారెలు డోరతీ గారే పట్టుకుంది. పిట్స్‌బర్గ్‌లో బస్సు మారడానికి గంట వ్యవధి ఉంది. అక్కడ మధ్యాహ్నమైతే ఇటలీలో సాయంత్రం. ఆవిడ ఫోన్ దగ్గరికి వెళ్ళి ఆపరేటర్‌కి నంబరు చెప్పింది, డబ్బు అవతలివాళ్ళు కట్టుకునే పద్ధతిలో. నన్ను పక్కనే నిలబడమంది.

"చూశానురా" అంది. ఓటమి గురించి గాని, మోకాలి గురించి గాని అడుగుతుందనుకున్నాను. "ఆ నల్లకోటు ఆవిడ ఎవరు?"

చాలాసేపు విన్నది. కింది వాటాలో ఉండే ఇల్లుగలావిడట, వెళ్ళిన మొదటి నెల నుంచీ వాడికి రాత్రి భోజనం అక్కడేనట. "నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదు? నేను బాధపడతాననా? పిచ్చివెధవా. పిలువు ఆవిణ్ణి."

అవతల ఎవరో ఫోన్ అందుకున్నారు. నాకూ వినపడేంత పెద్ద గొంతు, అన్నీ ఇటలీ మాటలే. ఈవిడ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకరి మాటమీద ఒకరు, ఆగకుండా మాట్లాడుకున్నారు. మధ్యలో నవ్వారు, ఈవిడ కళ్ళు తుడుచుకుంది. మా బస్సు పిలిచేదాకా సాగింది.

మిషిగన్ బస్సు ఎక్కి కూర్చున్నాక అడిగాను, ఏం చెప్పిందండీ ఆవిడ అని.

"ఒక్క ముక్క అర్థం కాలేదు హనీ" అంది డోరతీ గారు, గారె తుంచి నాకు పెడుతూ. "వాడు సరిగ్గా తినడం లేదని చెబుతోంది. ఇంకేం చెబుతుంది?"