వదిన నిలబడే వైపు

ఆ గదిలో చెంచా కింద పడితే చాలు, గిన్నెల బుట్ట బోర్లాపడినట్టు మోగుతుంది. నేలంతా టైల్స్. మూడు వైపులా సున్నం తప్ప మరేమీ లేని గోడలు. నాలుగో వైపు ఈ మూల నుంచి ఆ మూల దాకా అద్దాల కిటికీ. నూలు మిల్లు పడగొట్టి, అందులో పనిచేసిన వాళ్ళ కోసం అదే స్థలంలో కట్టిన ఇళ్ళివి. మనుషులు ఉండడానికి కాదు, ఇచ్చామని చెప్పుకోవడానికి కట్టారు. అలాంటి గదిలో స్టీరియో పెట్టించుకుంటానని కండెలక్క పట్టుబట్టింది.

మగ్గాలకు నూలు కండెలు అందించే పనిలో చేరింది కాబట్టి ఆ పేరు. తర్వాత తనూ మగ్గం నడిపింది, పేరు మాత్రం వదల్లేదు. ఆమె మగ్గానికి ఎడమ పక్కన మోటారు. కొన్నేళ్ళకు ఎడమ చెవి పోయింది. చెవులు పోటు పెడుతున్నాయని ఎవరైనా అంటే సూపర్‌వైజరు, "నూలు మిల్లులో ఉండి పత్తికి కరువా? ఇంత కుక్కుకోండి" అనేవాడు. వినపడదని తేలితే మగ్గం మీంచి తీసి ఊడ్చే పనిలో పడేసేవాళ్ళు. అందుకే ఆడవాళ్ళు చెవుడును దొంగసొత్తులా దాచుకునేవారు. దాచడం కష్టమేమీ కాదు. ఆ హోరులో అందరూ పెదాలు చూసుకునే మాట్లాడుకునేవారు. చెవులు తీసుకుంది మిల్లు, కంపెనీ డాక్టరు కారణమని రాసింది మాత్రం వయసు.

కండెలక్క కూడా ఎవరికీ చెప్పలేదు. పక్క మగ్గం వదినకు కూడా. చుట్టరికం లేదు, చేరిన రోజే ఆవిడ "ఏమే మరదలా, దారం తెగితే ఏడవకు, ముడేసుకో" అంది. అప్పట్నుంచి వదినే. భోజనాల దగ్గరా, గేటు దగ్గరా ఎప్పుడూ కుడిపక్కనే ఉండేది. పత్తి దుమ్ము ఆవిడ ఊపిరితిత్తుల్ని తినేసింది. పోయి ఏడాదైంది.

మిగిలింది ఒక క్యాసెట్టు. సమ్మె రోజుల్లో యూనియన్ గదిలో ఇద్దరూ పాడిన పాట. చెరో మైకు ముందు నిలబడ్డారు, ఆ ఒక్కరోజు వదినకు ఎడమవైపు మైకు వచ్చింది. పాట అయ్యాక వదిన ఏదో అంది, గదంతా నవ్వింది. కండెలక్క కూడా నవ్వింది, ఏమందో తెలియకుండానే. మళ్ళీ అడిగితే చెవుడు బయటపడుతుందని అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు. పాత టేపురికార్డరులో పెడితే ఆ మాట గది హోరులో ముద్దయిపోయేది.

స్పీకర్ల షాపులో మెకానిక్ ముందుగా నడుమెత్తు పెట్టెలు చూపించాడు.

"ఇవేమిటి తమ్ముడూ, బీరువాలా?"

"బేస్ అదిరిపోద్దక్కా."

"అదిరింది చాల్లే. బతుకంతా అదిరాను. నాకు మాట వినపడాలి."

"అయితే హెడ్‌ఫోను తీసుకోరాదూ?"

"పెట్టుకుంటే చెవిలో హోరు లేస్తుంది. అయినా మనిషి ఎదురుగా లేకుండా చెవిలోకి దూరి మాట్లాడితే దెయ్యంలా ఉండదూ?"

అతను నవ్వి, గొంతుకు బాగుంటాయని చిన్నజత ఇచ్చాడు. ఇంటికొచ్చి గది చూశాక నవ్వు మాయమైంది. చప్పట్లు కొట్టి చూశాడు. చప్పుడు గోడకూ అద్దానికీ మధ్య బంతిలా తిరిగింది. స్పీకర్లు మూలల్లో పెడితే గొంతులు బిందెలోంచి వచ్చినట్టున్నాయి. గోడకు దూరంగా జరిపినా పదాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఇంతలో కింది ఇంటావిడ పైకొచ్చింది.

"ఏంటి పిన్నీ, గోడలు పగలగొట్టిస్తున్నారా? ఇక్కడి పాట మా వంటింట్లో వినపడుతోంది."

"అయితే మా వదిన ఏమందో నువ్వే చెప్పేటట్టున్నావు."

విషయం విన్నాక కింది ఇంటావిడ గబగబా మెట్లు దిగింది. రెండు బొంతలు తెచ్చింది. ఒకటి నేల మీద పరిచారు, ఒకటి కిటికీకి వేలాడదీశారు. వెనక గోడకు కండెలక్క తన చీరలన్నీ తాడు మీద ఆరేసింది. మెకానిక్ మళ్ళీ చప్పట్లు కొట్టాడు. చప్పుడు పడ్డచోటే పడింది.

అతను స్పీకర్లు చెవుల ఎత్తున పెట్టి, రెంటికీ సమదూరంలో ఆమెను కూర్చోబెట్టాడు. క్యాసెట్టు తిరిగింది. కండెలక్క గొంతు కుడివైపు నుంచి గాజులా స్పష్టంగా వచ్చింది. వదిన ఎడమవైపు, గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టుంది. పాట అయింది. గొణుగుడు. నవ్వులు.

మెకానిక్ ముఖం మారింది. అతనికి వినపడింది.

"చెప్పనా అక్కా?"

"వద్దు. నువ్వు చెబితే నీ మాటవుతుంది." కుడిపక్క చోటు చూపించింది. "వదిన అటు నిలబడదు. ఎప్పుడూ ఇటే."

"రికార్డింగులో అటే ఉంది కదక్కా. ఎడమది ఎడమవైపే రావాలి, అది పద్ధతి."

"రెండు చెవులున్నోళ్ళ పద్ధతి అది. మార్చు."

చెవి సంగతి ఆమె నోటితో ఒకరికి చెప్పడం అదే మొదటిసారి. మెకానిక్ వెనక్కి వంగి వైర్లు అటూ ఇటూ మార్చాడు. ఈసారి వదిన కుడిపక్కకు వచ్చి నిలబడింది. కండెలక్క గొంతు చెవిటి వైపు వెళ్ళిపోయింది. దాన్ని ఆమె వెతకలేదు. పాట ముగిసింది. ఒక దగ్గు. తర్వాత వదిన మాట, పక్కనే:

"మా మరదలికి ఆ చెవి వినపడదర్రా. నేనేమన్నా నవ్వేస్తుంది, చూడండి!"

గది నిండా నవ్వులు. వాటి వెనక ఒక క్షణం ఆలస్యంగా, చెవిటి వైపు నుంచి సన్నగా తన నవ్వు.

యూనియన్ గదిలో ఉన్నవాళ్ళందరూ విన్నారన్నమాట. ఒక్కరు నోరు జారినా ఆమె చేతికి చీపురు వచ్చేది. మిల్లు మూసే రోజు దాకా ఆమె చేతిలో మగ్గమే ఉంది. ఒంటరిగా దాచుకున్నాననుకున్న దాన్ని అంతమంది కలిసి దాచారు. వాళ్ళలో ఇప్పుడు ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారో, అసలు ఎవరు ఉన్నారో ఆమెకు తెలియదు.

"మళ్ళీ పెట్టమంటారా?" అన్నాడు మెకానిక్.

ఆమె వినలేదు. కుడిపక్కకు తిరిగి, ఖాళీగా ఉన్న చోటు వైపు పెదాలు మాత్రం కదిపింది, మగ్గాల షెడ్డులో మాట్లాడినట్టు. మెకానిక్‌కు ఆ భాష రాదు. అతను మిగిలిన వైరు చుట్టుకుంటూ ఉండిపోయాడు. చెంచా పడితే మోగే ఆ గది, ఆ మాటను మాత్రం తిరిగి పలకలేకపోయింది.