ఎర్రయ్య మావ ఎండబెట్టిన పడవ

ఇది ఒక మహా సమరం కథ అని మొదలుపెడదామనుకున్నాను. ఒక పక్క ఇంజను లాంచీ, ఇంకో పక్క చెక్క పడవ, నడుమ ఓడలు లోపలికొచ్చే కాలువ, అన్నిటికీ సాక్షిగా డాల్ఫిన్స్ నోస్ కొండ. తీరా రాయబోతే సమరం ఎక్కడా కనిపించలేదు. ఒక లాంచీ వేగంగా పోయింది. దాని వెనక లేచిన అలకు ఒక పడవ పగిలింది. పడవ మనిషి దాన్ని బాగుచేయించకుండా ఎండలో పెట్టుకుని కూర్చున్నాడు. మొత్తం ఇంతే. ఇంత చిన్న సంగతి ఇప్పుడెందుకంటే, నిన్న చేపలు కొందామని హార్బరుకు వెళ్తే ఒడ్డున ఎవరో డబ్బాలో గుగ్గిలం, నూనె కలిపి కాస్తున్నారు, పడవ చెక్కల సందుల్లో పూయడానికి. ఆ ఘాటు ముక్కుకు తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్లే. కాకపోతే పొగ దాటి వచ్చేశాక కూడా ఆగలేదు. అందుకని ఎర్రయ్య మావ గురించి చెప్పక తప్పడం లేదు.

మావ అన్నానే గానీ ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది సముద్రం మీద వేటాడే కుటుంబం, మాది వ్యవసాయం. మా పొలాలు ఉక్కు ఫ్యాక్టరీ కిందికి పోయాయి. ఉద్యోగాలు వస్తాయన్న కబురు మా ఊళ్ళో అందరికంటే ముందు వచ్చింది, ఉద్యోగం ఇంకా దారిలో ఉంది. డెబ్బైల చివర్లో, అది వచ్చేలోగా ఖాళీగా ఉండడమెందుకని, కాలువకు ఈ పక్కనుంచి యారాడ కొండ పక్కకు మనుషుల్ని దాటించే ఎర్రయ్య పడవలో రెండో తెడ్డు పట్టాను. అప్పటికి నేనెరిగిన నీళ్ళు వరిమడిలో మోకాలి దాకా వచ్చేవే.

“ఈత వచ్చునేటిరా?” అన్నాడు మొదటి రోజు, చెవి మీద ఆరిపోయిన చుట్టతో.

“మునగడం వచ్చు మావా.”

“అది అందరికీ వచ్చు. తెడ్డు అందుకో.”

నవ్వలేదు. ఎదుటివాణ్ణి నవ్వించకపోతే నాకు అన్నం అరగదు. ఆయనేమో నవ్వితే పళ్ళు ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టుండేవాడు. ఆ రోజే ఒక పెద్ద లాంచీ మాకు ఎదురుగా వచ్చి, పక్కనుంచి దాటి వెళ్ళిపోయింది. గండం గడిచిందని నేను తెడ్డు వదిలి ముఖం తుడుచుకున్నాను. వీపు మీద ఒక్కటి పడింది.

“ఏటి సేత్తన్నావ్? ఎల్లింది లాంచీరా. దాని అల ఇంకా రానేదు. ముక్కు అలకేసి తిప్పు, బేగి! పక్క సూపించేవంటే బోల్తా కొట్టిత్తాది.”

తిప్పాం. పడవ ముక్కు ఆకాశంలోకి లేచి దబ్బున దిగింది. నా కడుపు మాత్రం కొంతసేపు పైనే ఉండిపోయింది. ఆయన నాకు నేర్పిన పని అదొక్కటే. చదువు చెప్పిన మాస్టార్లు ఎందరో చాలా చాలా నేర్పారు, ఒక్కటీ గుర్తులేదు.

పడవ పగిలింది వేసవిలో. అవతలి ఒడ్డు నుంచి జీడిమామిడి పళ్ళ తట్టలతో వచ్చిన ఆడవాళ్ళను మెట్ల దగ్గర దించుతున్నాం. నీళ్ళు తగ్గి ఉన్న వేళ. పడవను మెట్లకు కట్టేశాం కాబట్టి ముక్కు తిప్పే వీల్లేదు. ఒక కంట్రాక్టరు దగ్గర పనిచేసే లాంచీ కూలీలతో, కంకరతో దూసుకుపోయింది. ముందు నీళ్ళు వెనక్కి లాగేశాయి, పడవ రాతిమెట్టు అంచు మీద కూలబడింది. తర్వాత అల వచ్చి దాన్ని లేపి అదే అంచుకేసి కొట్టింది. పక్క చెక్క నిలువునా చీలింది. మనుషులకేమీ కాలేదు. ఒకావిడ పళ్ళు నీళ్ళలో పడిపోయాయని లాంచీవాడి ఏడుతరాలనూ తిట్టింది. తిట్టినంతసేపూ, మావకు అన్నం తెచ్చి మెట్ల మీదే ఉన్న నూకాలత్త, అంటే ఎర్రయ్య మావ భార్య, తల వంచుకుని నిలబడింది. లాంచీ నడిపే సింహాచలం ఆవిడ సొంత తమ్ముడు. ఆ ఏడుతరాలూ ఆవిడవి కూడా.

కంట్రాక్టరు షెడ్డుకు వెళ్తే సూపర్వైజరు మర్యాదగానే మాట్లాడాడు. “మా ఇంజనీరు గారు వచ్చి చూస్తే బాగుచేయించి ఇస్తారు. అంతదాకా దాని మీద చెయ్యి వెయ్యకండి. తర్వాత మీరే పగలగొట్టుకున్నారంటే నేనేం చెప్పగలను?”

ఆ చివరి మాట ఎర్రయ్య మావ లోపల ముల్లులా దిగిపోయింది. ఒక్క చెక్క మార్చి గుగ్గిలం పూస్తే పోయే పని. రేవులో అందరూ చెప్పారు. ఆయన వినలేదు. “మరమ్మత్తు సేసేత్తే ఆయనొచ్చేక ఏటి సూపిత్తాను? అతుకు సూపిత్తానా?” అని పడవను ఒడ్డుకు లాగించి, చీలిక అందరికీ కనబడేలా పక్కకు వాల్చి పెట్టాడు. ఇంజనీరు రేపొస్తాడన్నారు. ఆ రేపు నా ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం వస్తున్న దారిలోనే వస్తున్నట్టుంది.

చెక్క పడవను ఒడ్డున పెడితే తడిపిన గోనెలు కప్పుతారు, రోజూ నీళ్ళు పోస్తారు. లేకపోతే చెక్కలు ఎండి ముడుచుకుని సందులు విడిపోతాయి. ఇది ఆ రేవులో పుట్టిన ప్రతివాడికీ తెలుసు, ఎర్రయ్య మావకు మరీ తెలుసు. ఒక మధ్యాహ్నం నూకాలత్త తడి గోనెలు మోసుకొచ్చింది. ఆయన లాక్కుని అవతల పారేశాడు.

“సెయ్యెయ్యొద్దన్నారు.”

“నీలు పోత్తే సెయ్యేసినట్టేటి? పడవ ఎండిపోతంది, కనపడతన్నాదా నేదా?”

“రేపాయనొచ్చి, ఏటి తడిపేరు, ఏటి దాసేత్తన్నారు అంటే? నాను దొంగనవుతాను.”

“ఓలమ్మ! పడవ ఉండేదే నీలల్లో. దానికి తడి దొంగతనమేటయ్యా?”

“ఉన్నదున్నట్టు సూపించాలి.”

నాకు ఊరుకోవడం రాదు. “మావా, సేపని కూడా ఓ వారం ఎండబెట్టి సూపిద్దాం. దానికి ఈత రాదని తేలిపోతాది,” అన్నాను. ఇద్దరూ నా వంక చూశారు. నా జీవితంలో అంత నిశ్శబ్దంగా పడిన జోకు ఇంకోటి లేదు. నూకాలత్త గోనెలు ఏరుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ పొయ్యి మీద అప్పటికే ఒక పూటే ఎసరు పెడుతున్నారని తర్వాత తెలిసింది.

చివరికి ఇంజనీరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, గొడుగు తెచ్చుకున్నాడు, అంతే. వెనకాల సూపర్వైజరు, ఇంకా వెనకాల సింహాచలం. ఇంజనీరు చీలికను చూశాడు. తర్వాత వంగి, అవతలి ఎండ ఇవతలికి గీతలు గీతలుగా పడుతున్న సందుల్ని చూశాడు. గొడుగు మొన ఒక సందులో పెడితే అవతలికి వచ్చేసింది.

“ఈ జల్లెడంతా మా అలే చేసిందంటారా? ఇది పాత పడవండీ. ముందునుంచే ఇలా ఉండి ఉంటుంది.” సింహాచలం వైపు తిరిగాడు. “నువ్వు ఆ రోజు స్పీడుగా పోయావా?”

“నేద్సార్. ఎప్పుడూ ఎల్లినట్టే ఎల్లేను.”

“మీకేమైనా చెప్పాలని ఉందా?” అని ఎర్రయ్య మావను అడిగాడు.

చెప్పడానికి చాలా ఉంది. ఎండలో ఎందుకు పెట్టాడో చెప్పొచ్చు. లాంచీ ఎంత వేగంగా పోయిందో చెప్పొచ్చు. అది చెబితే సింహాచలం కొలువు ఆ సాయంత్రానికి ఉండదు. నూకాలత్త ఇటు మొగుణ్ణీ అటు తమ్ముణ్ణీ చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. మావ పడవ మీద చెయ్యి వేశాడు. అన్నాళ్ళలో అదే మొదటిసారి.

“సూసేరు కదా బాబూ,” అన్నాడు. అంతే.

వాళ్ళు వెళ్ళాక నాకు ఒళ్ళు మండిపోయింది. “ఆడు అబద్ధం ఆడేడు మావా, నువ్వూరుకున్నావేటి?”

“అబద్ధం కాదురా. ఆడికి తెల్దు. అల ఎనకాతల పుడతాది. నడిపేవోడు ముందుకే సూత్తాడు.”

“అయితే ఆడి ఎనకాతల కూడా రెండు కళ్ళు కుట్టించాలి.”

అప్పుడు నవ్వాడు. ఇన్నాళ్ళూ నేను పడిన కష్టానికి ఫలితం అలాంటి పూట దక్కింది. ఏం చేసుకోవాలో తెలియలేదు.

పడవను నీళ్ళలోకి దింపి చూశాం. నీళ్ళు అన్ని సందుల్లోంచీ ఒక్కసారే వచ్చాయి, లోపల వాటి చుట్టాలున్నట్టు. వడ్రంగి వచ్చి, ఇక ఒక్క చెక్కతో పోదు, మొత్తం మార్చాలన్నాడు. మార్చే స్తోమత లేక, దాన్ని విడగొట్టి టీకొట్టువాడికి పొయ్యిలోకి ఇచ్చేశారు. నూకాలత్త ఆ కొట్టు ముందునుంచి నడవడం మానేసింది. మావ అదే కంట్రాక్టరు దగ్గర కంకర మొయ్యడానికి చేరి, రోజూ సింహాచలం లాంచీలోనే పనికి వెళ్ళేవాడు. అందరూ ముందుకు తిరిగి కూర్చుంటే తనొక్కడే చివర వెనక్కి తిరిగి కూర్చునేవాడు, లాంచీ వెనక తెల్లగా విచ్చుకునే నీళ్ళ వైపు. సింహాచలం ఆయనతో మాట్లాడాలని చాలాసార్లు చూశాడు. ఒక మనిషి వీపుతో ఏం మాట్లాడతాం?

ఆయన సముద్రంలో పోయాడని చెబితే ఈ కథకు నిండుగా ఉండేది. పోలేదు. ఇంకో రెండు వానాకాలాలు చూసి పచ్చకామెర్లతో పోయాడు, ఆస్పత్రి వరండాలో, మంచం దొరక్క చాప మీద. వెళ్ళి చూశాను. ఏదైనా జోకు వేద్దామని నోరు తెరిచి, మూసుకున్నాను. ఆ పని నాకు రావడానికి అంతకాలం పట్టింది.

ఉక్కు ఫ్యాక్టరీ పిలుపు నాకు కాదు, మా తమ్ముడికి వచ్చింది. నన్ను సింహాచలమే ఇంకో యజమాని దగ్గర లాంచీ పనిలో పెట్టించాడు. ఇప్పుడు నేనే నడుపుతున్నాను. రేవు మెట్లు కనబడగానే నా చెయ్యి దానంతట అదే ఇంజను తగ్గించేస్తుంది, నా మెడ దానంతట అదే వెనక్కి తిరుగుతుంది. నీళ్ళు మెట్లకు మెత్తగా తగిలి సద్దుమణిగేదాకా మళ్ళీ ముందుకు చూడలేను. మిగతా లాంచీలవాళ్ళు కూతలు వేసుకుంటూ దాటిపోతారు. “ఏటి బావా, పెళ్ళికూతుర్ని తీసుకెల్తన్నావేటి?” అంటారు.

పోయిన నెల మేనేజరు పిలిచాడు. నీ ఒక్కడి లాంచీయే రోజూ ఎందుకు ఆలస్యంగా వస్తుందని అడిగాడు. ఎర్రయ్య మావ గురించి చెబుదామని గొంతు దాకా వచ్చింది. మేనేజరు చేతిలో పెన్ను ఉంది, బయట ఎవరో వేచి ఉన్నారు.

“అక్కడ నెమ్మదిగా వస్తే డీజిలు ఆదా అవుతుంది సార్,” అన్నాను.

ఆయన నమ్మలేక, డీజిలు కొలిపించి చూశాడు. నిజమే, అవుతుందట. ఇప్పుడు మా లాంచీలన్నిటికీ అదే ఆర్డరు.