మూడు రంగుల నందివర్ధనం

నా భర్త బోర్డులు రాసేవాడు. ఆత్మకూరులో, గద్వాలలో, వనపర్తిలో పాత దుకాణాల మీద ఆయన అక్షరాలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి, సగం వెలిసిపోయి. గద్వాల చీరల దుకాణాలకైతే పేరు చుట్టూ పూలతీగ కూడా గీసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇళ్లకు రంగులు వేసుకుంటూ కొన్నేళ్లు నెట్టుకొచ్చాడు. ఆ తర్వాత కిడ్నీలు పాడయ్యాయి. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. రంగుల గురించి నాకు తెలిసిందల్లా ఏ గుడ్డకు ఏ దారం కలుస్తుందన్నదే.

వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున్నే ఆత్మకూరులో బస్సెక్కి వనపర్తి దవాఖానకు వెళ్తాం. డయాలసిస్ నాలుగు గంటలు. వెళ్లగానే బరువు చూస్తారు, సూదులు గుచ్చి మిషన్‌కు కలుపుతారు. అయిపోయాక సూదులు తీసిన చోట రక్తం ఆగేదాకా దూది పెట్టి నొక్కి పట్టుకోవాలి. మళ్లీ బరువు, మళ్లీ బస్సు. ఇంటికొచ్చేసరికి ఆయన నడవలేడు, నాకు మాట్లాడబుద్ధి కాదు. మధ్య రోజుల్లో ఆయన పడుకుంటాడు, నేను కుట్టు మిషన్ ముందు కూర్చుంటాను. ఇట్లా మూడో ఏడు నడుస్తోంది.

సూదులు గుచ్చడానికి వీలుగా చేతి నరాన్ని ముందే ఆపరేషన్ చేసి సిద్ధం చేస్తారు. మామూలుగా ఎడమ చేతికి చేస్తారట. ఆయనకు ఆ చేతి నరాలు సన్నగా ఉండి అది నిలవలేదు. రెండోసారి కుడి చేతికి చేశారు. అప్పటి నుంచి ఆ చేతి వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కుతుంటాయి. అన్నం కలుపుకోగలడు. కుంచె మాత్రం నిలవదు.

ఆ సంగతి మా అమ్మాయికి తెలియదు. నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. కిందటి ఎండాకాలం సెలవుల్లో వచ్చినప్పుడు నాన్న పొద్దుపోక బాధపడుతున్నాడని నీటి రంగుల పెట్టె, రెండు కుంచెలు, ఒక డ్రాయింగ్ పుస్తకం తెచ్చింది. ఆమె వెళ్లిపోయిన మర్నాడు ఆయన అరుగు మీద కూర్చుని పెట్టె తెరిచాడు. నేను లోపల కాజాలు కుడుతున్నాను. కాసేపటికి కుంచె నేల మీద పడ్డ చప్పుడైంది. మళ్లీ ఒకసారి అయింది. ఆ తర్వాత పెట్టె మూసిన చప్పుడు. నేను బయటికి పోలేదు.

ఆ సోమవారం దవాఖానలో సూదులు గుచ్చి మిషన్ మొదలుపెట్టాక ఆయన నాతో, "సంచిల పెట్టె ఉంది, తియ్యి," అన్నాడు. ఎప్పుడు పెట్టుకున్నాడో నేను చూడలేదు.

"ఎందుకు?"

"నేను చెప్త. నువ్వు గియ్యి."

"నాకేం తెలుసని? ముగ్గు కూడా సక్కగ రాదు నాకు."

"జాకెట్ కట్ చేస్తవు కద. చెయ్యి వణకదు నీకు. అది చాలు."

కాదంటే నాలుగు గంటలూ గోడకేసి తిరిగి పడుకుంటాడని నాకు తెలుసు. పెట్టె తీశాను. అందులో పన్నెండు గొట్టాలున్నాయి. ఆయన ఎడమ చేత్తో ఎరుపు, పసుపు, నీలం మూడింటిని ఏరి దుప్పటి మీద పెట్టాడు. మిగిలినవి పెట్టెలోనే పెట్టి మూయించాడు.

"గవి కూడా ఉండనీ," అన్నాను.

"పన్నెండుంటే పన్నెండూ ముడ్తవు. ఒక్కదాని గుణం కూడ తెల్వదు. మూడింటితోనే అన్నీ వస్తయి, జర ఓపిక వడితే."

దవాఖాన ఆవరణలో నందివర్ధనం చెట్టు ఉంది. ఏడాదంతా పూస్తుంది. దాని పువ్వు ఒకటి తెమ్మన్నాడు. ఊడ్చే ఆమెను అడిగి రెండాకులతో ఒక పువ్వు తెంపుకొచ్చాను. తెంపిన చోట పాలు కారి వేళ్లకు అంటుకున్నాయి. ఖాళీ మందు సీసాలో నీళ్లు పోసి కిటికీ గట్టు మీద పెట్టాను. తెల్ల పువ్వును ఎందుకు తెమ్మన్నాడో అప్పుడు అర్థం కాలేదు. పెట్టెలో తెలుపు గొట్టం కూడా ఉంది. దాన్నీ వద్దన్నాడు.

"మరి తెలుపెట్ల?"

"కాగితం తెల్లగనే ఉంది కద. పువ్వును ముట్టకు. పువ్వు సుట్టు ఉన్న నీడను గియ్యి."

మొదటి కాగితం మీద నేను పెన్సిల్‌తో అయిదు రెక్కలు గీసి, ఆ గీత మీదే నీలం రంగు దిద్దాను. గుడ్డ మీద సుద్దముక్కతో గీసినట్టు వచ్చింది. ఆయన చూసి నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు గనక కోపం రాలేదు.

"కత్తెర వెట్టి కోస్తవా ఏంది దాన్ని? పువ్వుకు గీత ఉండదే. ఈడ వెలుగు, ఈడ నీడ, గంతే."

రెండోది, మూడోది అట్లాగే పోయాయి. నాలుగో దానికి గీత లేకుండా నీడ వేయడం కొంచెం తెలిసింది. మూడు రంగులనూ కలిపితే బూడిద రంగు వస్తుందని, నీలం ఎక్కువైతే చల్లగా, ఎరుపు ఎక్కువైతే వెచ్చగా మారుతుందని ఆయన చెబుతుంటే వింటూ కలిపేదాన్ని. టిఫిన్ డబ్బా మూతే నాకు రంగుల పళ్లెం. కానీ రంగు తడి ఆరకముందే పక్క రంగు పెట్టేదాన్ని, రెండూ కలిసి రెక్క మధ్యలోకి పారేవి. తెల్లగా ఉండాల్సిన చోటు పాడయ్యేది. ఒకసారి పాడైతే మళ్లీ తెలుపు రాదు. కాగితం మార్చాల్సిందే.

అయిదో కాగితం నాటి సంగతి ఒకటి చెప్పాలి. కుంచె కడగడానికి స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టుకునేదాన్ని. ఆయనకు రోజుకు లీటరు నీళ్లు దాటకూడదు. ఎండాకాలంలో ఆ లీటరును ఉదయం నుంచి గుక్కెడు గుక్కెడుగా సాగదీస్తాడు. ఆ రోజు నేను గ్లాసులో కుంచె ఆడిస్తుంటే ఆయన కాగితాన్ని కాదు, గ్లాసును చూస్తున్నాడు. నేను గమనించానని తెలిసి చూపు తిప్పుకున్నాడు.

"ఏమన్న గావాల్నా?"

"ఏం వద్దు. నువ్వు గియ్యి."

ఆ తర్వాత నుంచి గ్లాసును మంచం కింద, నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ప్రతిసారీ వంగి కుంచె ముంచాలి. నడుము పట్టేసేది. పొద్దంతా మిషన్ తొక్కే నడుము నాది. అయినా ఆ గ్లాసును పైన పెట్టలేకపోయాను. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

వానలు మొదలయ్యాక ఒక బుధవారం నాకు విసుగెత్తి యాష్టకొచ్చింది. ముందురోజు పెళ్లివాళ్ల జాకెట్లు ఎనిమిది కుట్టి ఇచ్చాను. బస్సులో నిలబడి వచ్చాం. ఆయనకు కాళ్ల పిక్కలు పట్టేసి అరుస్తుంటే అరగంట రుద్దాను. నొప్పి తగ్గగానే ఆయన, "పువ్వు వాడిపోతది, జల్ది మొదలువెట్టు," అన్నాడు. నేను పుస్తకాన్ని మంచం మీద పడేశాను.

"నేను ఈడికి పువ్వు గీయనీకె వస్తున్ననా? నిన్ను చూస్కోనా, బట్టలు కుట్టుకోనా, దీన్ని గీయన్నా? నాతోని కాదు. నీకు ఆగకపోతే నువ్వే గీస్కో."

చివరి మాట అనకుండా ఉండాల్సింది. చుట్టుపక్కల మంచాల వాళ్లు ఇటు చూశారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను వరండాలోకి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు. గోడకు తల ఆనించి నిద్రపోయాను. లేచేసరికి మిషన్ ఆపే వేళయింది. ఆ రోజు బస్సులో ఆయన కిటికీ వైపు కూర్చుని, కొత్తకోట దాటాక, "ఇంగ బొమ్మ వద్దు, పోనీ," అన్నాడు. నేను ఊఁ కొట్టాను.

తర్వాత రెండు వారాలు పెట్టె సంచిలోనే ఉంది. మూడో వారంలో ఆయనకు చలిజ్వరం వచ్చింది. వనపర్తిలోనే వార్డులో చేర్చారు. పన్నెండు రోజులు ఉన్నాం. అమ్మాయి నాగర్‌కర్నూల్ నుంచి బడి అయ్యాక వచ్చి, అన్నం పెట్టి వెళ్లేది. జ్వరంలో ఆయన బోర్డుల గురించి మాట్లాడేవాడు. "నిచ్చెన పట్టుకో, జారుతది," అని నా చెయ్యి పట్టుకునేవాడు. ఆయన బోర్డు రాసేటప్పుడు నేను ఎప్పుడూ నిచ్చెన పట్టుకోలేదు. అయినా పట్టుకున్నానని చెప్పేదాన్ని.

జ్వరం తగ్గి మళ్లీ మామూలు డయాలసిస్‌కు వచ్చిన మొదటి రోజు, నన్ను ఎవరూ అడగకుండానే చెట్టు దగ్గరికి వెళ్లి పువ్వు తెచ్చాను. ఆయన మీద ప్రేమతో అని చెప్పలేను. వార్డులో పన్నెండు రోజులు గోడలు చూసి చూసి, నా చేతులకు ఏదో ఒక పని కావాల్సి వచ్చింది. పుస్తకం తెరిచాను. ఆయన పక్కకు ఒత్తిగిలి చూశాడు.

"ఎన్నోది?"

"ఎనిమిది."

"ఈసారి పువ్వు తర్వాత. ఆకు ముందుగాల ఎయ్యి. ఆకు చీకటిగుంటేనే పువ్వు తెల్లగ కనవడ్తది."

ఆకు నాకు పువ్వు కంటే కష్టమైంది. నీలం, పసుపు కలిపితే చిలకపచ్చ వస్తుంది. నందివర్ధనం ఆకు అట్లా ఉండదు, నల్లగా మెరుస్తుంటుంది. పచ్చలో ఎరుపు చుక్క కలిపితే ముదురుతుందని ఆయన చెప్పాడు. చుక్క అంటే ఎంతో నాకు తెలియలేదు. పువ్వు చోటు తెల్లగానే మిగిలింది కానీ, నేను కలిపిన చుక్కకు ఆకు మాడిన రొట్టెలా గోధుమ రంగుకు తిరిగింది. విసుగొచ్చి కాగితాన్ని చింపబోయాను.

పక్క మంచం మీద పెద్దమందడి నుంచి వచ్చే పెద్దమ్మ ఉండేది. జీవితమంతా కూలికి పోయిన మనిషి. ఆమెకూ మావే రోజులు. ఆమె చెయ్యి చాపింది.

"జర ఆగు బిడ్డా. చింపకు. నాకు ఇయ్యి, చూస్త."

ఇచ్చాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏం ఖరాబైందని చింపుతున్నవ్? ఎండకాలం మా దిక్కు చెట్లకు ఆకులు గిట్లనే ఉంటయి. దుమ్ము వడి, ఎండకు కమిలి. గీ పువ్వు నాకియ్యరాదు?"

"ఖరాబైంది పెద్దమ్మా. మంచిది గీసిస్త."

"నాకు గిదే గావాలె."

చీర కొంగులో మడిచి పెట్టుకుంది. నా భర్త అటు తిరిగి ఆ మడతను ఒకసారి చూశాడు. బోర్డులు రాసిన మనిషి. ఖరాబైన పనిని ఎవరికీ ఇచ్చి ఎరుగడు.

తొమ్మిది, పది కూడా పోయాయి. తొమ్మిదోది బస్సులో వానకు తడిసింది. పదోది పువ్వు కుదిరి ఆకు చెడింది. అప్పటికి నాకు ఆశ, విసుగు రెండూ లేవు. జాకెట్ చేతులు కుట్టినట్టు కూర్చోవడం, కలపడం, ఆరేదాకా ఆగడం. ఆరేదాకా ఆగడమే అన్నింటికంటే కష్టం. ఆ ఆగే సమయంలో ఆయన మిషన్ మీద అంకెలు చూసేదాన్ని, దుప్పటి సర్దేదాన్ని, మళ్లీ కాగితాన్ని వేలి వెనక భాగంతో తాకి చూసేదాన్ని.

పదకొండోది మూడు రోజులు పట్టింది. ఒక సోమవారం ఆకులు వేశాను. ఎరుపును కుంచె కొసతో మాత్రమే తీసుకున్నాను, అది సరిపోయింది. బుధవారం పువ్వు చుట్టూ బూడిద రంగు, శుక్రవారం రెక్కలు మెలితిరిగిన చోట పలచని నీడ. పువ్వు నడుమ గొట్టంలా ఉన్న చోట పసుపు, ఉందా లేదా అన్నంత. ప్రతి రోజూ కొత్త పువ్వే. ఒక్కోటీ ఒక్కో తీరుగా మెలితిరిగి ఉండేది. పాత నీడను కొత్త పువ్వుతో కలపడానికి తల పగిలిపోయేది.

ఆ శుక్రవారం మిషన్ మీద ఉండగా ఆయనకు బీపీ పడిపోయింది. సిస్టర్ వచ్చి తల కిందకు, కాళ్లు పైకి చేసి, సెలైన్ ఎక్కించింది. నేను కుంచె పక్కన పెట్టి ఆయన నుదురు తుడుస్తూ నిలబడ్డాను. అరగంటకు ముఖంలో రంగు వచ్చింది. కళ్లు తెరిచి మొదట అడిగిన మాట:

"ఆరిందా?"

"ఏంది?"

"నీడ."

కాగితం ఎత్తి చూపించాను. ఆయన తల ఎత్తలేకపోయాడు. మొహానికి ఎదురుగా పట్టుకున్నాను. చాలాసేపు చూశాడు. చేతులు గుంజుతున్నా నేను దించలేదు.

"పువ్వు నిలవడ్డది," అన్నాడు. "ఎడమ దిక్కు ఆకు జర బరువైంది."

"దాన్ని తేలిక చేయన్నా?"

"వద్దు. ఇంగ ముట్టకు."

"నిజంగనా?"

"ముట్టకు అన్న కద. పుస్తకం మూయకు, అంటుకుంటది. ఆరనీ."

నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు. ఆకలైంది. పొద్దున తెచ్చిన అన్నం డబ్బా తీసి, చల్లారిన పప్పన్నం కిటికీ దగ్గర నిలబడే తిన్నాను. పెద్దమందడి పెద్దమ్మ కాగితం చూస్తానంది. చూసి, బాగుందని చెప్పి, తనకిచ్చిన పువ్వును ఇంట్లో గూట్లో పెట్టుకున్నానని అంది. ఇది కావాలని మాత్రం అడగలేదు.

అమ్మాయి ఆ బొమ్మకు నాగర్‌కర్నూల్‌లో అద్దం కట్టించి తెచ్చింది. ఎక్కడ తగిలించాలో తండ్రీ కూతుళ్లు కాసేపు వాదించుకున్నారు. చివరికి నా కుట్టు మిషన్ ఎదురుగా ఉన్న గోడకు మేకు కొట్టారు. ఆయన స్టూలు ఎక్కబోతే నేను వద్దన్నాను. అమ్మాయి ఎక్కింది. ఆయన కింద నిలబడి, "ఇంకో వేలెడు పైకి. ఆఁ. గట్లనే," అని చెబుతున్నాడు. నేను జాకెట్‌కు హుక్కులు కుడుతూ వింటున్నాను. మర్నాడు సోమవారం. పొద్దున్నే లేవాలి.