మీ చేతులు చల్లగుండ

ఉస్తాద్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను వంకాయలు కోస్తున్నాను. ఆయన షాపు పక్కన డ్రై క్లీనింగ్ నడిపే పంజాబీ ఆయన ఫోన్ చేసి, గుండె ఆగిపోయిందట, నిద్రలోనే పోయారట అని చెప్పాడు. మీకు ఈపాటికి తెలిసే ఉంటుందనుకున్నానన్నాడు. తెలియదన్నాను. ఫోన్ పెట్టేసి మిగిలిన వంకాయలు కూడా కోశాను. పదకొండున్నరకల్లా ఆర్డర్లు మొదలవుతాయి. నా షాపు వంటగదిలో కూర్చుని ఏడవడానికి కుర్చీ కూడా లేదు. ఉన్నా ఆ పూట కూర్చునేదాన్ని కాదేమో. ఈమధ్య ఏడవడానికి కూడా ఓపిక కావాల్సి వస్తోంది.

ఉస్తాద్ మా బంధువు కాదు, మా ఊరివారు అంతకన్నా కాదు. ఇజ్మీర్ వైపు ఒక పల్లెలో పుట్టిన టర్కీ మనిషి. కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒక ప్లాజా చివర ఆయన డోనేర్ షాపు. నేను ఆరేళ్ళు అక్కడ పనిచేశాను. టర్కీ వాళ్ళు చెయ్యి తిరిగిన పనివాణ్ణి ‘ఉస్తా’ అంటారట. నేనేమో పెళ్ళయ్యాక కొన్నాళ్ళు హైదరాబాద్‌లో కాపురం చేసినదాన్ని, నా నోటికి ఉస్తాద్ అనే వచ్చింది. ఆ చివరి ‘ద్’ ఎక్కడిదని అడిగారు. మా దగ్గర అలాగే అంటారన్నాను. దానికాయన, “మావాళ్ళు ఎక్కడో పారేసుకున్న అక్షరం మీరు దాచిపెట్టారన్నమాట. ఉంచుకో,” అన్నారు. అప్పట్నుంచి ఆయన ఉస్తాద్.

ఆయన నన్ను ‘కిజమ్’ అనేవారు. కూతురా అని అర్థం. అది తెలియక మొదటి వారంలో, గట్టిగా ‘కిజమ్’ అని కేకేస్తే, కిస్మిస్ అడుగుతున్నారనుకుని డబ్బా తీసుకెళ్ళి చేతికిచ్చాను. పులావులో వేసే నల్ల ఎండుద్రాక్ష ఎదురుగానే ఉండేది మరి. ఆయన డబ్బా వైపు, నా వైపు చూసి, రెండు పలుకులు నోట్లో వేసుకుని, వెళ్ళి ఉల్లిపాయలు తెమ్మన్నారు. అసలు అర్థం ఏమిటో నెల తర్వాత ఆయన భార్య చెప్పింది. మేం మాట్లాడుకున్నదంతా వచ్చీరాని ఇంగ్లీషు, మధ్యలో ఆయన ప్లాజాలో నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలు. ఇక్కడ నేను తెలుగులో రాస్తున్న ఆయన మాటలన్నీ అలా వచ్చినవే.

డోనేర్ గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. టర్కీలో నిలువు ఊచకు గుచ్చి తిప్పుతూ కాల్చే మాంసాన్ని డోనర్ అంటారు. అది కెనడా వచ్చి, తూర్పు తీరంలో డోనేర్ అయింది. దాని మీద డబ్బా పాలు, వెనిగర్, వెల్లుల్లి పొడి కలిపిన తీపి సాస్ పోస్తారు. మీరు చదివింది నిజమే, తీపి సాసే. ఉస్తాద్ ఈ దేశంలో మొదట దిగింది హాలిఫాక్స్‌లో. డోనర్ పుట్టిన దేశం నుంచి వచ్చిన మనిషికి, డోనేర్ ఎలా చెయ్యాలో వేరే దేశం వాడు నేర్పాడు. ఆ కథ చెప్పినప్పుడల్లా నవ్వేవారు గాని, సాస్ కలిపేటప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకునేవారు. మా ఆయన చుట్ట కోసం పొగాకు కాడలు విరిచేటప్పుడు మా మామగారు, చూడనట్టు, అలాగే మొహం తిప్పుకునేవారు.

మరి ఎందుకు అమ్ముతున్నారు అని ఒకసారి అడిగాను. అది డోనర్ కాదు కదా, డోనేర్ కదా అన్నారు. “పేరు మారిస్తే పాపం సగం పోతుంది, కిజమ్. దత్తు వెళ్ళిన పిల్లకు ఆ ఇంటి పేరు పెట్టాలి. అప్పుడు ఎవరికీ అన్యాయం జరగదు.”

బ్రాంప్టన్ ఆ పిల్లకు ఇంకా చాలా పేర్లు పెట్టింది. లారీ డ్రైవర్లకు పచ్చిమిర్చి కావాలి. వేర్‌హౌస్ షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు తందూరీ సాస్ కావాలి. మన పిల్లలు వచ్చి షవర్మా అనడిగి, మయొనేజ్ లేదంటే అలిగేవారు. వాళ్ళ తరఫున నేనే వాదించాను. మా హైదరాబాద్ షవర్మాలో క్యాబేజీ, మయొనేజ్ ఉంటేనే షవర్మా అన్నాను. ఉస్తాద్ ఓపిగ్గా విని, షవర్మా అనేది కూడా తమ మాటేనని చెప్పారు. చెవిర్మె అంటే తిప్పడం. అరబ్బుల నోట్లో పడి షవర్మా అయింది, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కు వచ్చింది. మాటే అంత తిరిగి వస్తే మాంసం ఎంత తిరగాలో అని నవ్వి, మర్నాడు మయొనేజ్ డబ్బా తెప్పించారు. ఆయన రుచి మాత్రం చూడలేదు.

తనకోసం, మాకోసం వండేది వేరే. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెనక చిన్న పొయ్యి మీద చిక్కుడు గింజల పులుసో, పులావో చేసేవారు. పులావు దించాక గిన్నె మీద గుడ్డ పరిచి, మూత పెట్టి, మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడేవారు. “నిద్రపోతోంది, మాట్లాడకు,” అనేవారు. ఆ అయిదు నిమిషాలు షాపులో ఎవరూ నోరు విప్పకూడదు. రోజంతా నిలబడి కాళ్ళు పీకుతున్న మాకు ఆ అయిదు నిమిషాలే విశ్రాంతి.

తిన్నాక ఒక మాట అనాలని ఆయన నేర్పారు. ఎలినిజె సాలిక్. వండినవాళ్ళ చేతులకు ఆరోగ్యం కలగాలని. వండినవాళ్ళు తిరిగి ‘ఆఫియెత్ ఓల్సున్’ అంటారు, తిన్నది ఒంట పట్టాలని. మీ భాషలో ఏమంటారని అడిగారు. మా ఇళ్ళలో వండినవాళ్ళకు ఏమీ చెప్పరు, ఉప్పు తక్కువైతే మాత్రం చెప్తారు అన్నాను. ఆయన నవ్వలేదు. అలాగైతే ఒకటి తయారుచెయ్యమన్నారు. నీ కడుపు చల్లగుండ అని మా అమ్మమ్మ దీవించేది, దాన్ని కొంచెం మార్చి ‘మీ చేతులు చల్లగుండ’ అన్నాను. ఆయన నాలుగుసార్లు పలికి, నాలుక తిరగక వదిలేశారు. నేను మాత్రం రోజూ తిన్నాక టర్కీ మాటే అనేదాన్ని. కౌంటర్ దగ్గర అందరూ ‘థాంక్స్ బ్రో’ అని పోతారు, రోజుకు ఒక్కరైనా ఆ మాట అంటే చాలు అనేవారాయన.

ఇక వంకాయల సంగతి. వాళ్ళకొక వంకాయ కూర ఉంది, దాని పేరుకు ‘ఇమామ్ స్పృహ తప్పాడు’ అని అర్థమట. వంకాయ చెక్కు చారలు చారలుగా తీసి, పొట్ట చీల్చి, ఉల్లిపాయ, టమాటా కూరి, ఆలివ్ నూనెలో మగ్గనిస్తారు. మాది నరసరావుపేట. వంకాయకు తొడిమ తీయడం, చెక్కు తీయడం చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఒకరోజు ఆయన ఫోన్‌లో ఉండగా, ఆ ఉల్లిపాయల్లో నేను ఇంటి నుంచి తెచ్చిన వేరుశనగ, నువ్వులు, ఎండుమిర్చి పొడి కలిపేశాను. ఆయన ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, “ఈ ఇమామ్ స్పృహ తప్పడు, లేచి పరిగెడతాడు,” అన్నారు. ప్లేటు మాత్రం రొట్టెతో తుడిచి మరీ తిన్నారు.

ఆరేళ్ళయ్యాక నేను సొంతంగా చిన్న కౌంటర్ పెట్టుకున్నాను. పొడవాటి వంకాయలు మానేసి మన గుత్తి వంకాయలు, తొడిమతో, లోపల నా వేరుశనగ పొడి. మిగతాదంతా ఆయన పద్ధతి. అదే ఆలివ్ నూనె, అదే ఓవెన్. అన్నంలోకి బాగా పోయేది. బోర్డు మీద ‘టర్కిష్ గుత్తి వంకాయ’ అని రాశాను. ఆ మొదటి మాట చూసే జనం ఆగేవారు.

ఒకరోజు ఉస్తాద్ వచ్చారు. బోర్డు చదివారు. ప్లేటు నిండా తిన్నారు. అంతా తిన్నాక, “బాగుంది. ఆ మొదటి మాట తీసెయ్యి,” అన్నారు. ఎందుకన్నాను. ఇది నీ పిల్ల, నీ ఇంటిపేరు పెట్టుకో అన్నారు.

అప్పటికి నేను పొద్దున ఆరింటి నుంచి నిలబడి ఉన్నాను. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారింది. “మీ షాపు బోర్డు మీద కూడా ‘టర్కిష్’ అనే ఉంది కదా ఉస్తాద్. కింద డబ్బా పాలు పోస్తున్నారు కదా,” అన్నాను.

ఆయన ప్లేటు తీసుకెళ్ళి తనే సింకులో పెట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోయారు. తినడానికి వచ్చినవాళ్ళెవరూ అంతవరకు నా షాపులో ప్లేటు తీయలేదు.

తర్వాత మేం కలిసింది ఒక్కసారే. జనవరిలో. ఆయన దగ్గర తెచ్చుకున్న పెద్ద ట్రే ఇచ్చేద్దామని వెళ్ళాను. ఇచ్చి వచ్చేద్దామనే వెళ్ళాను. ఆయన బాగా చిక్కిపోయి ఉన్నారు, షర్టు కాలర్ మెడకు దూరంగా నిలబడింది. కూర్చోమని పులావు, చిక్కుడు గింజలు పెట్టారు. నేను మెతుకు మిగల్చకుండా తిన్నాను. బోర్డు సంగతి ఎవరం ఎత్తలేదు. మంచు గురించి, మా ఆయన మోకాళ్ళ గురించి, అమ్మాయి కాలేజీ గురించి మాట్లాడుకున్నాం. నేను లేచాను. ఆయన గరిటె పట్టుకుని నిలబడే ఉన్నారు. ఆయన దేనికోసం ఆగారో నాకు తెలుసు. రెండు మాటల పని. ముందు ఆయనే ఏదో ఒకటి అంటారేమోనని చూశాను, పంతం. “థాంక్యూ ఉస్తాద్,” అని బయటికి వచ్చేశాను. ఆయన “ఓకే, కిజమ్,” అన్నారు. బస్సులో కూర్చున్నాక సిగ్గేసింది. వచ్చేసారి అందాంలే అనుకున్నాను.

కబురు తెలిసిన రోజు సాయంత్రం బోర్డు మీద మొదటి మాట తుడిచేశాను. పోయినవాళ్ళ మాట వినడం ఎంత సులువో. ఎదురు చెప్పరు, బాగుందని కూడా అనరు. ఇప్పుడు ఉత్త ‘గుత్తి వంకాయ’ అని ఉంది. అదీ పూర్తిగా నిజం కాదు. ఆ ఆలివ్ నూనె మా అమ్మ వాడలేదు, మా అమ్మమ్మ కనీసం చూడలేదు.

మర్నాడు వాళ్ళింటికి బయల్దేరాను. చావింట్లో ఏమనాలో మా అమ్మాయి ఫోన్‌లో వెతికి పెట్టింది. ‘బాషినిజ్ సా ఓల్సున్’. మీరు చల్లగా ఉండాలి అని దాదాపు అర్థం. “జస్ట్ సే ఇట్ స్లోలీ, మా,” అంది. రెండు బస్సులు మారేంతసేపూ పెదవులతో వల్లించుకుంటూనే ఉన్నాను. నా పక్కన కూర్చున్నావిడ జపం చేసుకుంటున్నాననుకుని కొంచెం జరిగింది.

హాల్లో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఉస్తాద్ భార్య వంటగదిలో ఉందని లోపలికి పంపారు. ఆమె పొయ్యి దగ్గర నిలబడి, వెన్నలో బొంబాయి రవ్వ వేయిస్తోంది. గుమ్మంలోనే నిలబడిపోయాను. మా వైపు చావింట్లో తీపి వండడం నా ఎరుకలో లేదు. బూరెలైనా పెద్దకర్మ నాడే. రవ్వకేసరి అయితే పెళ్ళిచూపులకు చేస్తాం. ఆమె నా మొహం చూసి, మా దగ్గర మనిషి పోతే హల్వా వేయిస్తారు, వచ్చినవాళ్ళందరూ తలో కాసేపు తిప్పుతారు, తిప్పుతూ పోయినవాళ్ళ గురించి మనసులో ఏదైనా అనుకుంటారు అని చెప్పి, గరిటె నా చేతికిచ్చింది.

నేను తిప్పాను. కేసరికైతే కమ్మటి వాసన రాగానే ఆపేస్తాం. ఆపబోయాను. ఇంకా, అంది. రవ్వ బంగారం రంగు దాటి, ఇటుక రంగులోకి వచ్చింది. నా భుజం పడిపోతోంది. ఇంకా, అంది. ఉస్తాద్ గురించి ఏమనుకోవాలో ఒక్కటీ తోచలేదు. చెయ్యి నొప్పి ఒక్కటే తెలుస్తోంది. చివరికి ఆమె వేడి పాలు, పంచదార పోసింది. గిన్నె ఒక్కసారి భుస్సుమంది. రవ్వ అంతా పీల్చుకున్నాక, గరిటె కొసన ఒక ముద్ద తీసి, ఊది, సరిపోయిందా చూడమని నా అరచేతిలో పెట్టింది.

తిన్నాను. మన కేసరే. కాని మాడీమాడని రుచి, వెనక కొంచెం చేదు. అప్పుడు గుర్తొచ్చింది, వచ్చి ఇంతసేపైనా అనాల్సిన మాట ఇంకా అననేలేదని. ఆమె కళ్ళలోకి చూసి, మెల్లగా, ఒక్క అక్షరం తడబడకుండా అన్నాను.

“ఎలినిజె సాలిక్.”

నోట్లోంచి వచ్చాక గాని తెలియలేదు. ఆమె నోరు కూడా అలవాటు చొప్పున, “ఆఫియెత్ ఓల్సున్,” అనేసింది. ఆ తర్వాత ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. సారీ ఆంటీ, నేను వేరేది నేర్చుకుని వచ్చాను అనబోతుండగా, ఆమె చెయ్యెత్తి ఆపింది.

“జనవరిలో నువ్వు వచ్చావని చెప్పాడు,” అంది. “పులావు మొత్తం తిన్నావని చెప్పాడు.” గరిటె గిన్నె అంచున ఆనించింది. “ఆ మాట నాకు కాదు కదా?”

కాదన్నాను.

ఆమె తలూపి పొయ్యి కట్టేసింది. గిన్నె మీద గుడ్డ పరిచి, మూత పెట్టి, మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆవిరి ఆమె వేళ్ళ పక్కనుంచి కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది. నేను మాట్లాడలేదు.