మూడో ముడి

ఆ రోజుల్లో నాకు మూడు దాటిన లెక్కతో పని ఉండేది కాదు. చదివింది మూడో తరగతి. పొయ్యికి మూడు రాళ్లు, తిండికి మూడు పూటలు, తాళికి మూడు ముళ్లు. రెండింటితో ఆగిపోయినది ఏదైనా ఒక పక్కకు ఒరిగిపోతుందని నా గట్టి నమ్మకం. (ఇప్పటికీ అదే నమ్మకం. కాకపోతే అప్పట్లో నోరు అదుపులో ఉండేది కాదు.)

మా ఆయన ఫిల్మ్ నగర్‌లో సినిమా సెట్లకు వడ్రంగి. పెళ్లి సీనుకు పేరంటాళ్లు తక్కువయ్యారని ఒకనాడు నన్నూ తీసుకెళ్లాడు. మనుషుల్ని తెచ్చే ఏజెంటు ముందే చెప్పాడు, "అక్షింతలెయ్యి, అంతే. నోరు తెరిచినవనుకో, మల్ల పిలవ." నాకా పని నిలవాలి. కుట్టుమిషను కొనుక్కోవాలని ఏడాదిగా ఆశ.

బాజాలు మోగాయి. హీరో ఒక ముడి వేశాడు, రెండోది వేశాడు, చేతులు తీసేశాడు. నా నోరు ఆగిందా! "బాబూ, మూడోది మర్చిపోయావు!"

"కట్! ఎవరమ్మా అది?" అని అరిచాడు డైరెక్టరు. హీరోయిన్ తల్లి కుర్చీలోంచి లేచి, "మర్చిపోలేదమ్మా తల్లీ! మూడూ వేస్తే నిజం పెళ్లయిపోతుంది. మా పిల్లకి ఇంకా సంబంధాలు చూస్తున్నాం!" అంది. అందరూ నవ్వారు, ఏజెంటు తప్ప. "జర నోరు మూస్కో అక్కా, నా ఇజ్జత్ పోతది" అని పళ్లు కొరికాడు.

రెండోసారి నోరు మూసుకున్నాను, దాంతోపాటు పిడికిలీ మూసుకుపోయింది. అరకొర పెళ్లికి అక్షింతలెలా వేస్తాం? (బియ్యం నేలపాలు చేయడం నాకు గిట్టదన్నది వేరే సంగతి.) "ఆ ఆకుపచ్చ చీరావిడ వెయ్యట్లేదేంటి? ఈ సంబంధం ఇష్టం లేదా?" అని డైరెక్టరు మైకులోనే అడిగాడు. ఏజెంటు నా చెవి దగ్గరకొచ్చి, "గిదే ఆఖరు. ఈసారి తప్పితే బస్సెక్కి ఇంటికి పో" అన్నాడు.

మూడోసారి, రెండో ముడి పడగానే కళ్లు గట్టిగా మూసుకుని, మిగిలిన ముడి మనసులో నేనే బిగించి, గుప్పెడూ విసిరేశాను. "ఓకే!" అన్నారు. ఏజెంటు చెమట తుడుచుకుంటూ, "రేపు రా. చావు సీను. గాడ గిట్ల లెక్కలు తియ్యకు" అన్నాడు.

సినిమా వచ్చాక చూస్తే, తెరమీద రెప్పపాటు కనిపించాను, కళ్లు మూసుకుని! "ముహూర్తం వేళ కునుకేంటే?" అని మా ఆయన హాలంతా వినబడేలా నవ్వాడు. అది కునుకు కాదని అప్పుడు చెప్పలేదు, ఆ తరువాతా చెప్పలేదు. ఇంట్లో అందరినీ కసిరే నాకు, పరాయివాళ్ల ఉత్తుత్తి పెళ్లిని ఊపిరి బిగబట్టి పూర్తిచేసిన తెరమీది ఆ పెంకిపిల్లను మాత్రం ఎందుకో కసరబుద్ధి కాదు.