గుమ్మం దగ్గర పన్నీరు

తిరువూరులో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతుండగా మా కాలేజీలో సెమినార్ పెట్టారు. వందేళ్ల కిందటి అమెరికా నాటకాల్లో ఆడది ఎలా ఉండాలనుకున్నారు అన్నది విషయం. పేపరు రాసింది నేనే.

రాస్తున్నన్నాళ్లూ ఆ కథలు అమ్మకి తెలుగులో చెప్పేదాన్ని. ఎ.కొండూరు దగ్గర మా ఊళ్లో ఆవిడ మిరప కూలికి వెళ్లేది, ఇంటికొచ్చాక కూడా కాయలకి తొడిమలు తీస్తూనే ఉండేది. ఆ నాటకాల్లో మగవాళ్లు ముందు గదిలో కూర్చుని పెళ్లాల మంచిచెడ్డలు తేలుస్తుంటే, ఆ పెళ్లాలే వాళ్లకి కాఫీలందిస్తుంటారని చెప్పాను.

"అంత దూరంలో కూడా పళ్లెం ఆడదాని చేతిలోనేనా!" అంది అమ్మ.

ఆ మాటనే ఇంగ్లీషులో పెట్టి పేపరు ముగించాను. "నువ్వు మైకులో చెప్తుంటే వచ్చి వింటా, అర్థం కాకపోయినా సరే" అందావిడ.

సెమినార్‌కి ముందురోజు మా ఇంగ్లీషు సారు పిలిచారు. "పట్టుచీరలో నువ్వు నిండుగా ఉంటావమ్మా. గుమ్మంలో అతిథులకి పన్నీరు చల్లాలి. నీ పేపరు మీ క్లాసు అబ్బాయి ఒకడు చదువుతాడులే, గొంతు బాగుంటుంది." కోపం రావాలి కదా? రాలేదు. అందరిలోకీ నన్నే ఏరారని పొంగిపోయి, ఏ చీర కట్టాలా అని ఆలోచించాను. అది తల్చుకుంటే ఇప్పటికీ తల తీసేసినట్టుంటుంది.

అమ్మ సగం పూట కూలి మానుకుని, షేర్ ఆటో దిగి చెమటలతో వచ్చేసరికి అతను మైకులో నా పేపరు చదువుతున్నాడు. నేను పన్నీరు పళ్లెంతో గుమ్మంలోనే ఉన్నాను. పన్నీరు అతిథులకే అన్నారుగా, అమ్మ మీద చల్లలేదు. వెనక కుర్చీలు చూపించాను.

ఆఖరి వాక్యం వచ్చింది. అమ్మ మాట ఆ అబ్బాయి నోట ఇంగ్లీషులో మోగింది. హాలంతా చప్పట్లు కొట్టింది. అది తన మాటేనని తెలియని అమ్మ కూడా కొట్టింది.

భోజనాల వేళకి నా దగ్గరికొచ్చింది. "నీది ముందే అయిపోయిందా అమ్మా?"

"ఆఁ, అయిపోయింది" అన్నాను.

"అయ్యో, నాదే ఆలస్యం. ఆటో నిండేదాకా కదల్లేదు." నొచ్చుకుంటూ నా చేతుల వైపు చూసింది. "పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నట్టున్నావు. ఇటు తే, నువ్వు తినొచ్చేదాకా నేను పట్టుకుంటా" అని పళ్లెం అందుకుంది.

ఇచ్చేశాను.