నడుము పట్టీ వణికినప్పుడు

చూపులేనివాళ్ళు దారి తెలుసుకోవడానికి నేనొక నడుము పట్టీ తయారుచేశాను. ఎదురుగా ఏదైనా అడ్డముంటే అది గుప్పిట్లో తేనెటీగను పట్టుకున్నట్టు సన్నగా వణుకుతుంది. వణికితే పక్కకు తప్పుకోవాలి, అంతే. చూపు పోయిన మా పెద్దమ్మకు దాన్ని కట్టి, ఆలూరులో వాళ్ళ వీధిలోకి తీసుకొచ్చాను.

సాయంత్రమైనా అరుగుల మీది కడప బండలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. గాలిలో తేలే దుమ్ము పొద్దు వెలుగులో పసుపు చల్లినట్టుంది. పట్టీ వణికింది. పెద్దమ్మ తప్పుకోలేదు. నిలబడి, నవ్వుముఖంతో, "ఎవరప్పా? బాగుండావా?" అంది.

ఎదురుగా ఉన్నది కరెంటు స్తంభం.

ఆ తర్వాత ఆగి ఉన్న ట్రాక్టరును, ఎవరిదో ప్రహరీ గోడను కూడా అలాగే పలకరించింది. నాకు ఒళ్ళు మండింది.

"వణికితే తప్పుకోమన్నానా లేదా, పెద్దమ్మా?"

"మనిషైతే పలుకుతాడు, స్తంభమైతే ఊరకుంటాది. ఎదురొచ్చినోళ్ళను పలకరించకుండా ఎట్ల పోయేదమ్మా? నువ్వే కట్టుకోని చూడు."

విసురుగా పట్టీ కట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కొంచెం దూరం నడిచేసరికి వీధి కలలోలా ఎటో జారిపోయింది. పిల్లల కేకలు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి. నేను ఎటు తిరిగి ఉన్నానో నాకే తెలియలేదు. అంతలో నడుము దగ్గర ఆ వణుకు. తప్పుకోవాలని నాకు తోచనే లేదు.

"ఎవరూ?" అన్నాను.

వెచ్చటి చెయ్యి ఒకటి నా చేతిని వెతికి పట్టుకుంది.

"నేనేలేమ్మా," అంది పెద్దమ్మ.